గుట్టెక్కిన గోల్ఫు

బంతి దొర్లుకుంటూ వచ్చి నోవహు బూటు పక్కన ఆగింది. తీసి ఇవ్వడం మర్యాద అనుకుని, అతను దాన్ని రుమాలుతో తుడిచి మరీ పట్టుకున్నాడు.

"ఎందుకు తీసిండ్రు?"

చీర కుచ్చిళ్లు కాస్త పైకి దోపుకొని, చేతిలో గోల్ఫు స్టిక్కుతో ఒక అమ్మాయి గబగబా వస్తోంది.

"మీదేనా? తీసుకోండి."

"అది ఆగిన కాడ నుంచే కొట్టాలె. మీరు తీసేస్తే నేనెక్కడి నుంచి కొట్టాలె?"

"మళ్ల అక్కడ్నే పెడ్త. గింత దానికి పరేషాన్ ఎందుకు?"

"గింత దానికా? ఇది ఆట, తెల్సా మీకు?"

"నడుచుకుంట పోయి నడుచుకుంట వచ్చేదాన్ని మా స్కూల్ల వాకింగ్ అంటం."

ఆమె కోప్పడలేదు. స్టిక్కు అతని చేతికిచ్చి పక్కకు జరిగింది. నోవహు బలమంతా కూడగట్టి కొట్టాడు. మట్టి లేచింది, గడ్డి లేచింది, బంతి మాత్రం లేవలేదు. మళ్లీ కొట్టాడు. ఈసారి టోపీ ఎగిరిపోయింది.

"మీ వాకింగ్ అయిపోయిందా?" అని ఎంతో మర్యాదగా అడిగి ఆమె స్టిక్కు తీసుకుంది. నడుము ఒక్కసారి తిరిగింది. బంతి తుమ్మచెట్ల మీదుగా వెళ్లి ఎక్కడో పడింది. నోవహు నోరు తెరిచి చూస్తూ ఉండిపోయాడు.

అతను సికింద్రాబాద్‌లో ఒక మిషన్ స్కూలు డ్రిల్ మాస్టరు. ఆమె కాంతమణి, మెట్టుగూడలో ఉండే రైల్వే గుమాస్తా జకర్యా గారి కూతురు. ఒక తెల్లదొర ఇంట్లో పిల్లలకు చదువు చెప్పేది. ఆ దొరసాని ఆమెకు ఈ ఆట నేర్పి, ఓడెక్కే ముందు తన స్టిక్కులన్నీ ఇచ్చి వెళ్లింది. దొరలు పోయాక కంటోన్మెంటు మైదానంలో ఆడేవాళ్లు తగ్గారు. అది నలభై ఎనిమిదో సంవత్సరం వేసవి. ఇండియా సైన్యం వస్తుందని ఊళ్లో రోజుకో పుకారు. కాంతమణి మాత్రం సాయంత్రమయ్యేసరికి మైదానంలో ఉండేది.

ఆ సాయంత్రాలు నోవహు సైకిలుకు కూడా ఆ దారే నచ్చింది.

కొన్నాళ్లు చూశాక ఉండబట్టలేక అన్నాడు. "మీ చేతులల్ల తప్పు లేదు. కాళ్లల్ల ఉంది."

"ఏందీ?"

"షురూల కాళ్లు గట్టిగ నిలబడతయి, నడుం మంచిగ తిరుగుతది. ఆఖరుకు వచ్చేసరికి అలసిపోయి ఒట్టి చేతులతోటి కొడుతున్నరు. అందుకే బంతి దగ్గర పడుతుంది. పగటి పూట ఏం తిన్నరు?"

"చాయ్. బిస్కెట్."

"గదీ సంగతి."

ఆమె ముఖం ముడుచుకుని వెళ్లిపోయింది. మర్నాడు తానే ఎదురొచ్చి అడిగింది. "చలికాలంల ఇక్కడ పందెం పెడతరంట. నిలబడాలంటే నేనేం చేయాలె?"

మర్నాటి నుంచే తెల్లవారుజామున మౌలాలి గుట్ట ఎక్కడం మొదలైంది. పెళ్లికెదిగిన పిల్లను మాస్టరుతో ఒంటరిగా ఎట్లా పంపుతారు? తల్లి జ్ఞానమణమ్మ తోడు వచ్చింది. ఆమెకు తోడు పక్కింటి గులాబ్ బీ వచ్చింది. ముందు కాంతమణి, పక్కన నోవహు, వెనక మోకాళ్లు పట్టుకుని ఇద్దరు ఆడవాళ్లు. చాయ్ బిస్కెట్ల చోట జొన్నరొట్టె, పప్పు, గుడ్డు వచ్చాయి. తాడాట, ఒంటికాలి మీద నిలబడటం, స్టిక్కు లేకుండా కళ్లు మూసుకుని నడుము తిప్పడం, వేళకు నిద్ర. ఎంత చెప్పినా ఆమె ఇంకొంచెం ఎక్కువే చేసేది. కాలు నొప్పి పుడితే కూర్చునేది, తగ్గగానే లేచేది. తన స్కూల్లో ఇలాంటి విద్యార్థి ఒక్కరు కూడా లేరని నోవహు మనసులో ఒప్పుకున్నాడు.

నెల తిరిగేసరికి వింత జరిగింది. జ్ఞానమణమ్మ మోకాళ్ల నొప్పులు తగ్గిపోయాయి.

"మాస్టరు బంగారం," అందామె గులాబ్ బీతో.

"ఇంట్ల పెట్టుకో మరి," అంది గులాబ్ బీ.

కానీ జకర్యా గారి ఆలోచన వేరు. బందరు నుంచి ఒక సంబంధం వచ్చింది. వాళ్లకు మైదానాల్లో తిరిగే కోడలు వద్దట. "ఈ పందెం ఆడుకో తల్లీ. తర్వాత ఆ కర్రలు అటక మీద పెట్టెయ్యాలి," అన్నాడు ఆయన. ఆ మాట కాంతమణి చెప్పినప్పుడు నోవహు సైకిలు బెల్లు విప్పి మళ్లీ బిగించాడు. బందరు పెళ్లికొడుకు ఉద్యోగం పెద్దది. డ్రిల్ మాస్టరు ఏమనగలడు?

సెప్టెంబరులో ఇండియా సైన్యం వచ్చింది. ఆకాశంలో విమానాలు, వీధుల్లో కర్ఫ్యూ. నోవహుకు గదిలో కాలు నిలవలేదు. దారులు తెరవగానే జోరు వానలో మెట్టుగూడకు సైకిలు తొక్కాడు.

తలుపు తీసే ఉంది. ఎవరు ఏం చేస్తారోనన్న భయంతో గులాబ్ బీ పిల్లలను తీసుకుని వీళ్లింటికి వచ్చేసింది. గది మధ్యలో కాంతమణి ఒంటికాలి మీద నిలబడి ఉంది. ఎదురుగా పిల్లలందరూ ఒంటికాలి మీదే నిలబడి, ఒకరి మీద ఒకరు పడి నవ్వుతున్నారు. మూలన కూర్చున్న గులాబ్ బీ కళ్లు తుడుచుకుంటూనే నవ్వుతోంది.

నోవహును చూసి కాంతమణి కాలు దించింది. "తడిసిపోయిండ్రు. ఏమన్న పని ఉండెనా?"

"లేదు. మిమ్మల్ని చూసిపోదామని."

"చూసిండ్రుగా. జెర కూర్చోండి, చాయ్ పెడ్త."

ఈ అమ్మాయి లేకుండా ఉండలేనని అతనికి అప్పుడే తెలిసింది.

జనవరిలో పందెం జరిగింది. కాంతమణికి ఆఖరి పోటీ ఉత్తరాది నుంచి వచ్చిన ఒక మేజరు గారి భార్యతో. కూతురు ఆట ఎన్నడూ చూడని జకర్యా గారు ఆ రోజు భార్యతో పాటు గొడుగేసుకుని వెంట నడిచాడు. సగం దూరానికే ఆయనకు ఆయాసం వచ్చింది. కాంతమణికి రాలేదు. వెనకబడ్డ ఆట, బంతి పడాల్సిన ఒక్కొక్క గుంత దగ్గరా కూడదీసుకుంటూ వచ్చింది. చివరికొచ్చేసరికి మేజరు గారి భార్య చేతులు తడబడ్డాయి. కాంతమణి మొదటి దెబ్బంత నిలకడగా ఆఖరి దెబ్బా కొట్టింది. అయినా బంతి గుంత అంచున తిరిగి బయటే ఆగింది. ఒక్క దెబ్బ తేడాతో ఓడిపోయింది.

మేజరు గారి భార్య వచ్చి ఆమెను కౌగిలించుకుంది. జకర్యా గారు గుంత అంచున ఆగిన బంతిని వంగి చూశాడు. తర్వాత భార్యతో మెల్లగా అన్నాడు. "వచ్చే యేడు గెలుస్తుందే మన పిల్ల. బందరు వాళ్లకు వద్దని చెప్పేద్దాం."

చెట్టు కింద నోవహు ఆమెకు నీళ్లు అందించాడు. "ఇంత మంచి ఆట నేను చూడలే."

"ఓడిపోయిన."

"ఓడినా సుత." టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు. "మీ నాన్నగారిని ఒక మాట అడుగుదామనుకుంటున్న."

"ఏమని?"

"మిమ్మల్ని నాకు ఇయ్యమని. మీకు ఇష్టమైతేనే."

కాంతమణి నీళ్లు తాగడం ఆపింది. చెవులు ఎర్రబడ్డాయి. "గీ మాటకు గిన్ని నెలలా? నాన్న టాంగా ఎక్కుతున్నడు. ఉరకండి."

డ్రిల్ మాస్టరు మైదానం అడ్డంగా పరుగెత్తాడు. ఊపిరి అందక, టాంగా చక్రం పట్టుకుని ఎలాగో చెప్పేశాడు. జ్ఞానమణమ్మ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది.

జకర్యా గారు అతన్ని ఎగాదిగా చూశాడు. "పెళ్లయ్యాక దాని ఆట మాన్పిస్తావా?"

"లేదండి. నేను సుత వెంబడి నడుస్త."

పెద్దాయన గొడుగు మడిచి, టాంగాలో కాస్త జరిగి చోటిచ్చాడు. "ఎక్కు నాయనా. ఇంటికెళ్లి భోంచేస్తూ మాట్లాడుకుందాం."

వెనకే కాంతమణి స్టిక్కుల సంచితో వచ్చి అతని ఎదురుగా కూర్చుంది. మెట్టుగూడ దాకా ఆ సంచి జారిపోకుండా ఇద్దరూ చెరోపక్క పట్టుకున్నారు.