గొంతుపట్టీల మౌఖిక పరీక్ష

ఆచార్య నాగశయనం మెడలో ఉండి ఆయనకు బదులు మాట్లాడే గొంతుపట్టీ జర్మన్‌లో అడిగిన ప్రశ్నలకు ఎదుటి కుర్చీలోని విద్యార్థి గొంతుపట్టీ జర్మన్‌లోనే జవాబు చెబుతోంది. ఆయన మాత్రం జీడిపప్పు ఉప్మా తింటున్నాడు. మౌఖిక పరీక్ష రోజున పరీక్షకులకు ఉప్మా పెట్టడం విశ్వవిద్యాలయం ఇంకా వదులుకోని ఆచారం. విదేశీ భాషల విభాగంలో నోటికి మిగిలిన పని అదొక్కటే.

హాలు పొడవునా జంట కుర్చీలు. సంతలో దళారులు తువాలు కింద వేళ్లు పట్టుకుని బేరమాడుతుంటే ఎద్దులు నెమరేస్తూ నిలబడతాయే, అలా కూర్చున్నారు ఆచార్యులూ విద్యార్థులూ. రెండు పట్టీల ప్రశ్నా జవాబూ సరిపడితే, వాటిని తూచే గోడమీది తూకపలక పచ్చదీపం వెలిగిస్తుంది. దీపం వెలిగితే పట్టా. కొందరు వెళ్తూ వెళ్తూ తాము ఏ భాషలో పట్టభద్రులయ్యారో తలుపు మీద రాసి ఉన్నది చదువుకుని మరీ పోతున్నారు.

తర్వాత వచ్చిన కుళ్ళాయమ్మ కూర్చోగానే మెడలోని పట్టీ విప్పి బల్ల మీద పెట్టింది.

"ఏమ్మా, బిగుతుగా ఉందా?"

"లేదు సార్. ఇది నాకన్నా ముందే చెప్పేస్తాది. మూడేండ్లు కష్టపడి నేర్చుకుంటి. ఇంతవరకూ నన్నెవురూ ఒక్క మాటా అడగల్యా. మీరన్నా అడగండి."

పర్యవేక్షకుడు మద్దిలేటి పరుగెత్తుకొచ్చాడు. "తిక్క పట్టిందా పాపా? పట్టీ లేకుంటే నువ్వు పరీక్షకి రాలేదని రాసుకుంటాది పలక. పట్టా పోతాది, హాస్టల్ సీటూ పోతాది. పెట్టుకో."

"పెట్టుకుంటే దానికొచ్చినట్టు గదన్నా. నాకొచ్చినట్టెట్ల?"

పల్లెటూరి పొగరు అనుకుని నవ్వాడు నాగశయనం. ప్రశ్న అడగమని తన పట్టీని నొక్కాడు. అది పలకలేదు. పట్టీ పట్టీతోనే మాట్లాడుతుంది. ఒట్టి గొంతు దాని లెక్కలో మనిషి కాదు.

"మీదీ తీయండి సార్," అంది కుళ్ళాయమ్మ.

"తీస్తే ఇంక మీకీ కుర్చీ ఉండదు సార్," మద్దిలేటి గొణిగాడు.

అది ఆయనకు తెలుసు. జర్మన్ ఆచార్యుడని గది ముందు పేరు వేలాడదీసుకున్న తాను ఆ భాషలో సొంతంగా ఒక వాక్యం కట్టి ఎన్నేళ్లయిందో మాత్రం తెలియదు. పిల్ల ఎదురుగా, ఏదో ఒకటి అడిగితే చాలన్నట్టు చూస్తోంది. ఆయన నోటి నుంచి ఏదైనా వస్తుందని కనిపెట్టుకుని కూర్చున్న విద్యార్థి ఆ హాలులో మరొకరు లేరు.

పట్టీ విప్పాడు. మెడచుట్టూ ఎండ సోకని తెల్లటి చార బయటపడింది.

బురదలో దిగబడ్డ బండిని లాగినట్టు ఒక్కొక్క మాటే లాగి, పొద్దున ఏం తిన్నావని జర్మన్‌లో అడిగాడు. ఆమె కూడా జర్మన్‌లోనే, మాటమాటకీ తడుముకుంటూ, ఏమీ తినలేదు, భయం వేసింది అని చెప్పింది. ఆ మాట ఆయన చెవికే నేరుగా అందింది.

ఆ రెండు కుర్చీలూ ఖాళీ అని ప్రకటించి తూకపలక తర్వాతి జంటను పిలిచింది. వాళ్లొచ్చి నెత్తిమీద నిలబడ్డారు.

"లేయండి సార్. ఖాళీ అంటాంది పలక," అన్నాడు వాళ్లలో ఒకడు.

"మాట్లాడుతున్నాం, కనబడ్డం లేదా? ఆగండి."

ఖాళీ కుర్చీలకు పలక మళ్లీ మళ్లీ మనుషుల్ని పిలుస్తోంది. వరస తలుపు దాటి వరండాలోకి పెరిగింది. నాగశయనం రెండో ప్రశ్నకు మాటలు వెతుక్కుంటున్నాడు.