పాముచెవులు విన్నది

ఆదివారం మధ్యాహ్నం. బయట ముసురు పట్టి ఉంది. సౌండ్ స్టూడియోకి సెలవు. లోపలినుంచి తాళం వేసుకుని, శిష్యుడు మాస్టారి పాత కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. చీమ చిటుక్కుమన్నా పసిగడతాడని అందరూ అతన్ని పాముచెవులు అనేవారు. ఆ పేరు పెట్టింది మాస్టారే.

మాస్టారు పోయి మూడేళ్లు. సినిమాల కోసం ఆయన జీవితమంతా తిరిగి పట్టుకొచ్చిన వాన చప్పుళ్లు, రైళ్ల మోతలు, పిట్టల కూతలు ఆ పాత పెట్టెలోనే ఉన్నాయి. పాముచెవులు వాటిని తనవిగా చెప్పుకుని పేరు తెచ్చుకున్నాడు. నిన్న మాస్టారి కూతురు ఫోన్ చేసింది.

"అన్నయ్యా, నాన్న రికార్డింగులు నాకు కావాలి. రేపు సాయంత్రం వచ్చి కంప్యూటర్ పట్టుకెళ్తా."

"దానికేం భాగ్యమమ్మా, రా."

ఆమె వచ్చేలోగా అన్నీ కొత్త హార్డ్ డిస్కులోకి ఎక్కించుకుని, పాతదాన్ని నున్నగా తుడిచేయాలని అతని ఎత్తు.

డిస్కు తగిలించాడు. లైటు మినుక్కుమని ఆరిపోయింది. పాత కంప్యూటర్ ఇచ్చే కరెంటు దానికి చాల్లేదు. రెండు తలల కేబుల్ వెతికి తెచ్చి పెట్టాడు. ఈసారి డిస్కు గుర్రుమంది గానీ తెర మీద కనపడలేదు. కొత్త డిస్కు పద్ధతి పాతదానికి అర్థం కాలేదు. విసుక్కుంటూ లాప్‌టాప్‌కి తగిలించి, పాతదానికి సరిపడేలా మళ్లీ ఫార్మాట్ చేశాడు. డిస్కు పూర్తిగా ఖాళీ.

తిరిగి పాతదానికి పెట్టాడు. కనపడింది.

అందులో ఒక ఫైలు ఉంది.

పేరు లేదు. తేదీ ఉంది. మాస్టారు పోయిన రోజు.

ఆ రికార్డింగుని అప్పుడే తన చేత్తో చెరిపేశాడు. హెడ్‌ఫోన్లు పెట్టుకుని నొక్కాడు. ముందు వాన చప్పుడు. తర్వాత... ఊపిరాడని పిల్లికూతలు.

"ఒరేయ్... మందు... నీ పక్కనే ఉంది... తలుపు తియ్యరా..."

ఆ రోజు అద్దం అవతలి రికార్డింగు గదిలో మాస్టారికి ఉబ్బసం ముంచుకొచ్చింది. తడికి ఉబ్బిన తలుపు లోపలినుంచి తెరుచుకోలేదు. పీల్చే మందు పాముచెవుల మోచేతి పక్కనే ఉంది. స్టూడియో కూతురికి అప్పగిస్తానని మాస్టారు అంతకు ముందు రోజే అన్నారు. అతను హెడ్‌ఫోన్లు తీసి మెల్లగా బల్ల మీద పెట్టాడు. తర్వాత అడిగినవాళ్లందరితో ఒకటే మాట. "మైకు ఆపి ఉంది. నాకేం వినపడలేదు."

ఫైలు ఆపాడు. ఆగలేదు. కేబుల్ పీకేశాడు. డిస్కు తిరగడం ఆగిపోయింది. హెడ్‌ఫోన్లు బల్ల మీదికి విసిరేశాడు. పిల్లికూతలు మాత్రం... ఆగలేదు.

అద్దం అవతల, మైకు మీద ఎర్రలైటు వెలుగుతోంది.

ఆ మైకు వైరు పీకేస్తే పీడా పోతుందనుకుని లోపలికి దూరాడు. వైరు నేలమీద పడి ఉంది. అసలు దేనికీ తగిలించి లేదు.

వెనక తలుపు మెత్తగా మూసుకుంది.

లాగాడు. గుంజాడు. రాలేదు. చెమ్మ పట్టిన పాత తడి వాసన. ఏనాడూ జలుబు కూడా ఎరగని అతని ఛాతీ బిగుసుకుపోసాగింది. ఊపిరి పిల్లికూతగా మారింది.

అద్దంలోంచి చూశాడు. తను లేచొచ్చిన కుర్చీ ఇటు తిరిగింది. అందులో ఎవరూ లేరు. హెడ్‌ఫోన్లు బల్ల మీంచి లేచి... మనిషి తల ఎత్తున ఆగాయి.

"మాస్టారూ... తప్పయిపోయింది... తలుపు తియ్యండి..."

గది స్పీకర్లో గుసగుస. "వినపడుతోందిరా. అంతా వినపడుతోంది."

హెడ్‌ఫోన్లు మెల్లగా కిందికి దిగి బల్ల మీద ఆనాయి.

సాయంత్రం మాస్టారి కూతురు తన తాళంచెవితో తెరిచి వచ్చింది. రికార్డింగు గది తలుపు వేలితో తోస్తే తెరుచుకుంది. నోరు తెరుచుకుని పడి ఉన్న అతన్ని అంబులెన్సువాళ్లు తీసుకెళ్లారు. ప్రాణం ఎప్పుడో పోయిందన్నారు.

ఆమె ఒక్కతే మిగిలింది. అప్పుడు అద్దం మీద చూసింది. కుర్చీలో కూర్చున్నవాళ్ల మొహం ఎత్తున, ఊపిరి తగిలినట్టు చిన్న ఆవిరి మరక. చేత్తో తుడిచింది. మళ్లీ పట్టింది. మాయమై, మళ్లీ పట్టింది... నిదానంగా, హాయిగా.

దానికి ఎదురుగా, ఖాళీ గది లోపలివైపు, ఇంకో మరక. అది మాత్రం గబగబా పడుతోంది.