సన్నచాప కింద తల

"సంఘమంతటి ముందు మాటిచ్చేశాను ఫువాటినో! ఆ చాప మీద చెయ్యి వెయ్యకు!"

అపెరామో ఇంటి పెద్ద, పైగా చర్చి వ్యవహారాలు చూసే డీకన్. గోడలు లేని ఆ ఇంట్లోంచి అతని గొంతు తెలతెలవారుతున్న వీధి చివరిదాకా వినిపించింది. వినిపించనీ! అతని భార్య ఫువాటినో ఇవాళ ఎవరికీ సిగ్గుపడే స్థితిలో లేదు. మొన్న వాళ్ళ కొడుకు లేవి తాగి ట్రక్కు నడిపి, పక్క ఊరి ఇయాకోపోను గుద్దేశాడు. డాక్టర్లు ఇయాకోపోకు కుడికాలు తీసేశారు. లేవిని పోలీసులు పట్టుకుపోయారు. "ఇవాళ పొద్దుగూకేలోగా మీ ఇంటి పెద్ద వచ్చి మా వాకిట్లో తల వంచాలి. లేదా, లేవి బయటికొచ్చిన రోజే వాడికి ఆఖరి రోజు" అని ఇయాకోపో అన్నలు కబురు పంపారు.

తల వంచడమంటే సవాయి దీవిలో ఉత్త మాట కాదు. ఇంట్లోకెల్లా గొప్ప సన్నచాప నెత్తిన కప్పుకుని, దెబ్బతిన్నవాళ్ళ వాకిట్లో మోకాళ్ళ మీద కూర్చోవాలి. వాళ్ళొచ్చి ఎత్తేదాకా ఎండైనా వానైనా కదలకూడదు. ఎత్తితే ఇక పగ లేనట్టే. ఎత్తకపోతే...

అలాంటి చాప ఆ ఇంట్లో ఒక్కటే ఉంది. మొగలి ఆకుల్ని దారమంత సన్నగా చీల్చి, మూడేళ్ళు నడుం వంచి ఫువాటినో నేసింది. ఆ పనిలోనే ఆమె కళ్ళు మసకబారాయి. దాన్ని ఇవాళ కొత్త చర్చి ప్రతిష్ఠకు కానుకగా ఇస్తానని ఈ మహానుభావుడు ఆమెను మాట మాత్రం అడక్కుండా చాటించేశాడు!

"రేపు వెళ్తాను. మామూలు చాప పట్టుకెళ్తాను. దేవుడి పని ముందు" అన్నాడతను. "త్యాగం చెయ్యందే భక్తి ఏమిటి?"

"త్యాగమా! ఎవరి త్యాగం?" ఫువాటినో చాప చుట్టడం మొదలుపెట్టింది. "యేసుప్రభువు తన ఒళ్ళు ఇచ్చాడు. పక్కవాడి ఒళ్ళు లాక్కుని ఇవ్వలేదు! నీకు అక్కడ మోకరించడం నామోషీ. ఆ సంగతి చెప్పు. దేవుణ్ణి అడ్డం పెట్టుకోకు!"

"ఆడదానివి నువ్వెళ్తే అది లెక్కలోకి రాదు!"

"రాకపోతే రాకపోనీ. కన్నదాన్ని, కూర్చోవడమైనా చేతనవుతుంది!" అని చాప చంకన పెట్టుకుని ఆమె వెళ్ళిపోయింది.

ఇయాకోపో తల్లి సలేమా వాకిట్లో ఎండెక్కింది. చాప కింద ఊపిరాడటం లేదు. తాగిన కొడుకు మీద కోపం, మొగుడి మీద కోపం... "ప్రభువా, నీ మీదా కోపంగానే ఉంది!" అని ఫువాటినో ఏడ్చింది. సలేమా గుమ్మం దిగకుండానే అరిచింది.

"చాపలు మా ఇంట్లోనూ ఉన్నాయి. నా కొడుక్కి కాలే లేదు! మీ పెద్ద ఏడీ? కొత్త చర్చిలో పాటలు పాడుతున్నాడా?"

ఫువాటినో నుదురు నేలకు ఆనించింది.

మధ్యాహ్నం దాటాక ఎవరో చాప అంచు ఎత్తి లోపలికి దూరారు. గంజి పెట్టిన తెల్లకోటు కనిపించింది.

"జరుగు" అన్నాడు అపెరామో.

"ఎందుకొచ్చావ్? చేతులు ఖాళీ అయ్యాయనా?"

"అవును. చాపేదని అందరూ అడిగారు. నేనిస్తానన్న దాంట్లో నాది ఒక్క పోగు కూడా లేదని అప్పుడు తెలిసొచ్చింది..."

"అబ్బో, ఇప్పటికి తెలిసిందా! మూడేళ్ళు నీ కళ్ళెదుటే నేశాను కదా!"

అతను బయట గుమిగూడిన జనానికి వినబడేలా గొంతెత్తాడు. "అమ్మా సలేమా! నా కొడుకు తప్పు చేశాడు. రావలసినవాణ్ణి నేను పొద్దున రాలేదు. అది నా తప్పు. ఈ చాప నా భార్య నేసింది. ఆమెనడక్కుండా చర్చికి మాటిచ్చాను. అదీ నా తప్పే. నేను తెచ్చుకున్నది ఈ తల ఒక్కటే. ఏం చేసుకుంటావో నీ ఇష్టం."

ఫువాటినోకు దుఃఖం తన్నుకొచ్చింది. ఇరవై ఆరేళ్ళ కాపురంలో పదిమందిలో 'నా భార్య చేసింది' అన్నాడా ఎప్పుడైనా!

చాలాసేపటికి చాప లేచింది. వెలుగు కళ్ళలో పొడిచింది. సలేమా ముఖంలో జాలి లేదు.

"క్షమించానని అనడానికి నోరు రావడం లేదు" అంది. "కానీ చాప ఎత్తాను. మావాళ్ళు ఇక నీ కొడుకు జోలికి రారు. వాడు బయటికొచ్చాక ఇక్కడికి పంపు. తోటలో దుంపలు తవ్వి తెచ్చేది నా ఇయాకోపోనే. ఇక ఆ పని మీవాడు చెయ్యాలి. ఎన్నాళ్ళని అడక్కు!"

"అడగనక్కా. రానంటే మెడపట్టి ఈడ్చుకొస్తాను!" అంది ఫువాటినో.

అపెరామో మోకాళ్ళు పట్టుకుని మెల్లగా లేచాడు. "మరి ఇవాళ్టి దుంపలు ఎవరు తెచ్చారమ్మా?"

రెండు రోజులుగా ఆ ఇంట్లో పొయ్యి రాజెయ్యలేదు.

అతను కోటు గుండీలు విప్పుకోవడం మొదలుపెట్టాడు.

"గునపం ఎక్కడుంది?"

ఇంటి పెద్ద, డీకనుగారు, పరాయివాళ్ళ తోటలో దుంపలు తవ్వడమా! జనం నోళ్ళు తెరిచారు. ఫువాటినో కోపం ఇంకా చల్లారలేదు. అయినా చెయ్యి చాచి ఆ కోటు అందుకుంది.