తోక లేని వైరస్

గ్లాస్‌హౌస్ తలుపుకు బయట గడియ పెట్టి ఉంది. లోపల పొగాకు మొక్కల మధ్య యూనివర్సిటీ రీసెర్చ్ స్కాలర్ తేజస్వి శవం.

ఆ మధ్యాహ్నం క్యాంపస్‌లో తెలంగాణ ర్యాలీ మీద పోలీసులు టియర్ గ్యాస్ వదిలారు. ఒక షెల్ అద్దం పగులగొట్టుకుని లోపల పడింది. ఊపిరాడక చనిపోయిందని రాసి ఫైల్ మూసెయ్యమని పైనుంచి ఫోన్.

"గ్యాస్ గడియ పెట్టదు సార్," అన్నాడు ఇన్‌స్పెక్టర్ ఇన్నయ్య.

తేజస్వికి గైడ్ ప్రొఫెసర్ చెన్నకేశవులు. ఇద్దరిదీ కడప జిల్లా.

"నేను గ్లాస్‌హౌస్ వైపు వచ్చి నెలయింది. ఇది పరుశురాం పనే. సీమ పిల్ల అని ఆమెతో రోజూ గొడవపడేవాడు," అన్నాడాయన.

అదే ల్యాబ్‌లో రీసెర్చ్ స్కాలర్ పరుశురాం. ఇన్నయ్య అతన్ని స్టేషన్‌కు పిలిపించాడు.

"తెలంగాణ మీద కొట్లాడినం సార్. మళ్ల ఒక్క డబ్బాలనే తిన్నం. ఆమెకు అసలు పంచాయితీ గైడ్‌తోటి."

"ఏంది పంచాయితీ?"

"మొక్క కణంల ఆర్ఎన్ఏలు వేలకు వేలుంటయి. వైరస్ ఎంజైమ్ అండ్లకెళ్లి తన జీనోమ్‌నే పట్టుకోవాలె. కొసకున్న మడతను చూసి గుర్తుపడ్తది. దాన్నే తోక అంటం. గాడికెళ్లే కాపీ మొదలు. తోక కోస్తే కాపీ కాదు. తోక లేకున్నా వైరస్ పెరుగుతదని సార్ పేపర్ రాసిండు. తేజస్వి మళ్లా చేసి చూసింది. పెరగలే."

ఇన్నయ్య మళ్ళీ గ్లాస్‌హౌస్‌కు వెళ్ళాడు. రెండు వరుసలకూ ఒకటే లేబుల్: తోక లేనివి. తేజస్వి మొక్కలు పచ్చగా ఉన్నాయి. ప్రొఫెసర్ మొక్కల ఆకులన్నిటా పసుపు మచ్చలు.

ఆకులు వేరే ల్యాబ్‌కు పంపాడు. రిపోర్ట్ రాగానే ప్రొఫెసర్‌నూ పరుశురాంనూ గ్లాస్‌హౌస్‌కే పిలిపించాడు.

"మీ మొక్కలల్ల వైరస్‌కు తోక ఉన్నది సార్."

"పొరపాటున అంటుకుని ఉండొచ్చు."

"మీ వరుసల అన్నిటికా? ఆమె వరుసల ఒక్కదానికి గూడ అంటలే. అసలు వైరస్ మీ ఫ్రీజర్‌ల ఉంటది. తాళంచెవి మీ తాననే. మీరే దాన్ని ఆకులకు రుద్దిన్రు. నెల నుంచి రాలేదన్నరు గదా, మరి గడియ మీద మీ వేలిముద్ర ఎట్ల పడ్డది?"

చెన్నకేశవులు బెంచీ మీద కూలబడ్డాడు.

"ఆ ఆకులు యూనివర్సిటీ కమిటీకి చూపిస్తానంది. కాసేపు ఆపుదామనే గడియ పెట్టినా. అంతలో షెల్ పడింది."

"అరిచిందా?"

"...అరిచింది."

"తియ్యలేదా?"

"తీస్తే చెప్పేస్తుంది కదా."

పరుశురాం గోడకు తల ఆనించి ఏడ్చాడు.

సాయంత్రం ఇన్నయ్య తార్నాకలో తేజస్వి ఇంటికి వెళ్ళాడు. తల్లి రాజేశ్వరి అంతా విన్నది.

"నా బిడ్డను చంపింది మనిషా, పొగా నాయనా?"

అబద్ధం చెప్పడానికి ఆయనకు నోరు రాలేదు.

"రెండూనమ్మా. పొగ మాది."