కొత్తకోట ధాబాలో రెండో మిషన్

పెబ్బేరు నుంచి కొత్తకోటకు వచ్చే దారిలో, ఊరు ఇంకా మొదలుకాకముందే, మూతబడిన ధాబా ఒకటి ఉంది. చీకటి పడితే అక్కడ లారీ ఆగదు. టైరు పంక్చరైనా సరే, కుంటుకుంటూ ఊళ్లోకి పోయే మార్చుకుంటారు. మూసిన షట్టరు వెనక ఎవరో దగ్గుతారట. ‘ఎవరది?’ అంటే ఆగుతుందట... అడిగినవాడు నాలుగడుగులు వేయగానే మళ్లీ మొదలవుతుందట.

దెయ్యాల మీద నాకు నమ్మకం లేదు. నమ్మకం ఉన్నది మా మేనల్లుడు రంజిత్ మీద. నోట్లో నాలుక లేని పిల్లాడు, అబద్ధం ఆడాలంటే చెమటలు పట్టేస్తాయి. అందుకే వాడు చెప్పింది చెప్పినట్టు మీకు చెబుతున్నాను.

వాడు గద్వాలలో చీరలు నేసేవాళ్ల సంఘానికి కంప్యూటర్లు చూస్తాడు. సంఘంలో చెన్నయ్య అని పెద్ద డిజైన్ల మనిషి ఉండేవాడు. నలభై ఏళ్లపాటు గళ్ల కాగితాల మీద అంచులు, కొంగులు గీశాడు. పోయిన ఏడు చనిపోయాడు. కాగితాలకు చెదలు పట్టాయి. పట్టకముందే కూతురు యమున వాటిని ఒక్కొక్కటే స్కాన్ చేసి కంప్యూటర్ మిషన్‌లో పెట్టింది కాబట్టి సరిపోయింది. లేకపోతే ఆ మనిషి గుర్తుగా మిగిలేది గోడమీద ఫొటో ఒక్కటే.

వాటిని కాపాడటానికి రంజిత్ ఎనిమిది డిస్కులు వరుసగా పేర్చిన పెట్టె ఒకటి పెట్టాడు. ఒక డిస్కు పోయినా మిగతావి లాగుతాయి. మరి గద్వాలకే వరదొస్తే? అందుకని దూరంగా ఇంకో మిషన్, స్టాండ్‌బై. గద్వాల మిషన్‌లో ఏం జరిగితే అక్కడా అచ్చం అదే జరుగుతుంది, కాకపోతే ఆరు గంటలు ఆలస్యంగా. ఎవరైనా పొరపాటు చేస్తే ఆపడానికి వ్యవధి ఉండాలని వాడే అలా పెట్టాడు. దాన్ని పెట్టడానికి సంఘం పెద్దలకు దొరికిన చోటు ఏది? ఆ ధాబాలో వెనక గది! దెయ్యం పేరు చెప్పి కిరాయి కూడా తగ్గించుకున్నారు మహానుభావులు.

ఒకరోజు రాత్రి తొమ్మిదికి యమున ఫోన్ చేసింది.

“రంజిత్... రెండుసార్లు ఎక్కిన డిజైన్లు తీసేస్తుంటి. నాయిన గీసినయన్నీ పోయినయి.”

“ఎప్పుడక్కా?”

“నాలుగున్నరకు.”

చేతి తప్పును డిస్కులు ఆపలేవు కదా. పదిన్నరకు కొత్తకోటలోనూ తుడిచిపెట్టుకుపోతాయి. అవి ఇక ఈ భూమ్మీద ఎక్కడా ఉండవు. గద్వాల నుంచే ఆ మిషన్‌ను ఆపుదామా అంటే, దొంగలు చొరబడతారని ఆ దారి వాడే మూసేశాడు. ధాబా ఊడ్చి తాళాలు చూసుకునే సుభద్రమ్మకు ఫోన్ చేస్తే స్విచాఫ్. కొత్తకోటలో తెలిసిన టైర్ల మెకానిక్ యేసయ్యకు చేశాడు.

“అన్నా, తాళం పగలగొట్టి జర ఆ మిషన్ బంద్ చెయ్యరాదే.”

“పొద్దుగూకినంక ఆడికా? నన్ను సంపినా పోను తమ్మీ.”

రంజిత్ బండి తీశాడు. చంద్రుడు లేని ఆకాశం. బీచుపల్లి వంతెన మీద లారీ ఒకటి అడ్డంగా ఆగిపోయి, వెనక బండ్లన్నీ నిలిచిపోయాయి. కింద కృష్ణ... మీద హారన్లు... చేతి గడియారం వంక చూడాలంటేనే భయమేసిందట వాడికి.

ధాబా ముందు దిగేసరికి పదీ యాభై.

అయిపోయింది. ఇరవై నిమిషాలు ఆలస్యం. అయినా లోపలికి పోయాడు. షట్టరు తాళం తీసి ఉంది. రోజూ ఆకుపచ్చగా మెరిసే దీపాలు లేవు. ఫ్యాను చప్పుడు లేదు. మిషన్ చచ్చిపడి ఉంది.

అప్పుడు... చీకట్లోంచి దగ్గు.

“ముట్టకు కొడుకా...” ఎవరో గుసగుసగా అన్నారు. “ఇయ్యాల అమాస.”

వాడు ఫోన్ లైటు వేస్తే, మూలన సుభద్రమ్మ. భర్త ఉన్నంతకాలం గద్వాలలో మగ్గం నడిపిన ముసలామె.

“నీ దుంపదెగ, నువ్వా అవ్వా! మిషన్ ఎందుకు బంద్ అయింది?”

“అమాస నాడు మగ్గం మీద కూసుంటమా? గిది గూడ మగ్గం అసొంటిదే గద. నెలనెలా నేనే వైరు పీకుత, తెల్లారి పెడ్త. చెప్తే కొట్లాడ్తవని చెప్పలే.”

వాడికి ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. ఆమె కాళ్లకు మొక్కినంత పనిచేశాడు. వైరు పెట్టి, తుడిచివేత అమలు కాకుండా ముందే ఆపి, మిషన్ లేపాడు. ఉన్నాయి! చెన్నయ్య గీసిన ప్రతి అంచూ, ప్రతి కొంగూ ఉన్నాయి. మిషన్ నిమిషనిమిషానికీ రాసుకునే లెక్కలో ఆఖరి సమయం... పదీ ఇరవై తొమ్మిది.

“ఒక్క నిమిషంల బతికించినవ్ అవ్వా! జర ఆలస్యంగ పీకితే అంతా పోతుండె.”

ముసలామె దగ్గరకు వచ్చింది. గొంతు తగ్గించింది.

“నేను పీకలే కొడుకా... ఇయ్యాల యాదిమర్చి పండుకున్న. మెలకువొచ్చి ఉరికొచ్చిన, నీకంటె జర ముందు. తాళం ఏసిందేసినట్లే ఉండె. లోపల సూస్తే... గిట్ల.”

ఇందాక వైరు పెట్టేటప్పుడు రంజిత్ దాన్ని పూర్తిగా విప్పలేదు. పెట్టాల్సినంత మటుకే లాగి పెట్టాడు. మిగిలినది నేతగాళ్లు నూలును చిలపగా చుట్టినట్టు పొందికగా చుట్టి, చివర చిన్న ముడివేసి ఉంది. ఇలా ఎవరు చుట్టారో తెలుస్తుందేమోనని వాడు ఫొటో తీసి యమునకు పంపాడు. ఫోన్ చేసి, డిజైన్లు దొరికాయని, మిషన్ పదీ ఇరవై తొమ్మిదికి దానంతటదే ఆగిందని చెప్పాడు.

ఆమె సంతోషించలేదు. ఫొటో చూస్తున్నా, ఆగమంది.

“అక్కా... ఇంటున్నవా?”

“ఆ ముడి ఎడమచేతిది రంజిత్. మా మగ్గాల కాడ నాయిన ఒక్కడే గట్ల ఏస్తుండె.”

వాడు మిషన్ వైపు వీపు పెట్టి నిలబడలేకపోయాడట. గోడకు జరిగాడు.

“నాలుగున్నరకే తెల్సు నాకు, తుడిచేసిన అని,” యమున వెక్కుతూ అంది. “అందరూ తిడ్తరని తొమ్మిది దాకా ఎవ్వరికీ చెప్పలే.”

“పోనీలే అక్కా... దొరికినయి గద.”

“అది కాదు రా... నేనే చెప్పి ఆపిస్తనేమో అని... నాయిన ఆఖరి నిమిషం దాకా ఆగి సూసిండు.”