చెరిపెయ్యాలన్నా కరెంటు కావాలి

చెరువు గట్టు మీద స్కూటర్ లైటు లేకుండా దూసుకుపోతోంది.

ఒక పక్క రొయ్యల చెరువు. ఇంకో పక్క కాలవ. చక్రం జానెడు జారితే... అంతే!

హిమజ బ్రేకు జోలికి పోదు. తాడేపల్లిగూడెం నుంచి పెదపాడు దాకా ఒక్క ఊపున వచ్చింది. ఇప్పుడు ఆలస్యమైతే నాన్న జైల్లోనే ఉండిపోతాడు.

నాన్న అంటే ఉమాపతి మాస్టారు. బళ్ళో లెక్కలు చెప్పి రిటైరయ్యాడు. తర్వాత శిష్యుడు శ్యామ్ సుందర్ చెరువులకి మేనేజరుగా చేరాడు. పోయిన వారం సుందర్ పార్ట్‌నర్ వెంకటకృష్ణ ఇదే చెరువులో శవమై తేలాడు. ముందురోజు అతనితో గొడవపడ్డాడని పోలీసులు మాస్టారిని పట్టుకెళ్ళారు.

చీమ అడ్డమొస్తే పక్కకి తప్పుకుని నడిచే మనిషి! ఆయన హత్య చెయ్యడమా?

షెడ్డుకి కెమెరా ఉంది. అది తీసిందంతా లోపలున్న పాత లాప్‌టాప్‌లో చేరుతుంది. "అది ఎప్పుడో పాడైపోయిందండీ" అని పోలీసులకి చెప్పాడు సుందర్. ఎస్సై నమ్మలేదు. రేపు పొద్దున్నే వచ్చి పట్టుకెళ్తానన్నాడు.

ఇంతలో ఈ రాత్రి అభిరామ్ ఫోన్! హిమజ నడిపే కంప్యూటర్ షాపులో పని నేర్చుకుని, ఏలూరులో సొంతంగా సర్వీస్ సెంటర్ పెట్టుకున్నవాడు.

"మేడమ్, సుందర్ గారి షెడ్డులో ఉన్నానండి. లాప్‌టాప్ మొత్తం చెరిపేసి, విండోస్ కొత్తగా వెయ్యమంటున్నారు. మీరు కంగారు పడకండి, నేను..."

ఫోన్ కట్!

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకోవడం ఇదే. హంతకుడు సుందరే. హిమజకి ఇంక అనుమానం లేదు.

అదిగో షెడ్డు. స్కూటర్ పడేసి కిటికీ దగ్గరికి పరిగెత్తుతుంది.

లోపల సుందర్. పక్కన అభిరామ్. స్క్రీన్ మీద గుండ్రంగా తిరుగుతున్న చుక్కలు...

మొదలెట్టేశారు!

తలుపు బద్దలు కొట్టే టైం లేదు. కానీ ఆ లాప్‌టాప్ సంగతి ఆమెకి తెలుసు, రిపేరుకి తన షాపుకే వచ్చేది. బ్యాటరీ చచ్చి ఏడాదైంది. ప్లగ్గు మీదే బతుకుతోంది.

కరెంటు పోతే?

గట్టు చివర ట్రాన్స్‌ఫార్మర్. స్విచ్చి హ్యాండిల్ పట్టుకుని బలమంతా పెట్టి గుంజుతుంది.

ఢాం!

తెల్లటి మెరుపు. కాలిన నూనె వాసన. ఆ వెంటనే కారు చీకటి... చెరువుకి గాలి కొట్టే ఏరేటర్లు ఒక్కొక్కటే ఆగిపోతాయి.

షెడ్డు తలుపు తెరుచుకుంటుంది. టార్చి వెలుగు ఆమె మొహం మీద పడుతుంది.

"ఎవరది?"

"నేనే, సుందర్ గారూ."

నిన్నటిదాకా అన్నయ్యా అని పిలిచేది.

"చెరిపింది చాలు. మా నాన్న అన్నం పెట్టి చదువు చెప్పింది ఇందుకేనా?"

సుందర్‌కి కోపం రాదు. టార్చి కిందికి దించుతాడు.

"అభిరామ్, జనరేటర్ స్టార్ట్ చెయ్యవయ్యా. డీజిల్ చూసుకుంటూ అక్కడే ఉండు."

"మేడమ్, నేను ముందే..."

"వెళ్ళమన్నానా?"

అభిరామ్ వెళ్తాడు. జనరేటర్ భడభడమంటూ అందుకుంటుంది. చెరపడం ఇంకా మొదట్లోనే ఆగిపోయింది కాబట్టి, లాప్‌టాప్ వెనక్కి మళ్ళి పాత స్క్రీన్ చూపిస్తుంది.

సుందర్ ఒక వీడియో తెరిచి పక్కకి తప్పుకుంటాడు.

"చూడమ్మా. చూశాక నీ ఇష్టం."

గట్టు మీద నాన్న. ఎదురుగా వెంకటకృష్ణ. మాటా మాటా పెరిగింది. వెంకటకృష్ణ ఏదో అని నవ్వాడు.

నాన్న రెండు చేతులూ లేచాయి. ఒక్క తోపు!

నీళ్ళలో చేతులు కొట్టుకుంటున్నాయి. నాన్న వంగి పక్కనున్న గడకర్ర తీశాడు.

చాచు నాన్నా... చాచు...

చాచలేదు. నీళ్ళు కదలడం మానేదాకా కర్ర పట్టుకుని అలాగే నిలబడ్డాడు. తర్వాత దాన్ని ఎక్కడిదక్కడ పెట్టి, చెప్పులు తొడుక్కుని వెళ్ళిపోయాడు.

హిమజ కుర్చీలో కూలబడుతుంది.

"నీ గురించి అనకూడని మాటన్నాడటమ్మా వాడు. మాస్టారే చెప్పారు." సుందర్ వీడియో మూసేస్తాడు. "లాప్‌టాప్ మాయమైతే ఎస్సై ఊరుకోడు. ఖాళీగా ఉంటే, పాడైందన్న నా మాట నిలబడుతుంది."

బయట చెరువులో చటచటమని చప్పుడు. గాలి అందక రొయ్యలు పైకి ఎగురుతున్నాయి. జనరేటర్ చిన్నది. షెడ్డుకి ఇస్తే ఏరేటర్లకి చాలదు. ట్రాన్స్‌ఫార్మర్ బాగుపడాలంటే తెల్లారి లైన్‌మన్ రావాలి.

వచ్చే వారమే రొయ్యల పట్టుబడి. చేతికొచ్చిన పంట!

సుందర్ ఒక్కసారి కిటికీలోంచి చూస్తాడు.

"పోతే పోనీ. మాస్టారి కంటే ఎక్కువా? కానివ్వమ్మా."

నాన్నంటే భయమేస్తోంది. అసహ్యమేస్తోంది. అయినా ఆయన తన నాన్నే. ఆ కర్ర చాచని చేతులే తనకి పలక మీద అక్షరాలు దిద్దించాయి.

"చెరిపేస్తాను, అన్నయ్యా."

స్క్రీన్ మీద ఒక్కొక్కటే నొక్కుతుంది. అన్నీ తీసెయ్యి. డిస్క్ పూర్తిగా శుభ్రం చెయ్యి. అవును. అవును.

ఈసారి ఆపేవాళ్ళు లేరు.

పది... ముప్ఫై... అరవై... అంకె పెరుగుతుంటే చెరువులో చప్పుడు తగ్గుతోంది.

తూర్పు తెల్లబడే వేళకి విండోస్ కొత్తగా పలకరిస్తుంది. మీ పేరేమిటని అడుగుతుంది.

హిమజ కళ్ళు తుడుచుకుని బయటికొస్తుంది. గట్టు మీద పోలీసు జీపు. రానీ. ఇంక దొరికేదేం లేదు.

జీపు పక్కన అభిరామ్. రాత్రంతా జనరేటర్ దగ్గరే ఉన్న మనిషి, మొహమంతా నవ్వుతో పరిగెత్తుకొస్తాడు.

"మేడమ్, రాత్రి మీతో చెప్పనిచ్చారు కాదండి. మీరు నేర్పిందే చేశాను. బ్యాకప్ తియ్యకుండా ఏదీ చెరపకూడదని మీరే అనేవారు కదండీ? మీరు రాకముందే, సుందర్ గారి కంటపడకుండా మొత్తం పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించేశాను. చూసే టైం లేకపోయిందనుకోండి. ఇప్పుడే ఎస్సై గారి చేతికిచ్చాను. ఇంక మాస్టారు ఇంటికొచ్చేసినట్టే."

పక్క చెరువు మీద ఎవరో పిట్టల్ని తోలడానికి టపాకాయ పేల్చారు.

ఢాం!

హిమజ ఒక్కతే ఉలిక్కిపడింది. ఎస్సై పెన్‌డ్రైవ్‌ని చొక్కా జేబులో వేసుకుని, గుండీ పెట్టుకున్నాడు.