నలభై ఒకటో నంబరు ఇల్లు

1986 ఏప్రిల్ 9. మధ్యాహ్నం రెండుంబావు.

రాయదుర్గం కుట్టుపనివాళ్ల వీధి. నలభై ఒకటో నంబరు ఇంటి గడప మీద బయమ్మ పడి ఉంది. మచ్చుకత్తి దెబ్బకు మెడ సగం తెగింది. అడ్డం పెట్టిన చేతికి మూడు వేళ్లు లేవు. గడప దిగిన నెత్తురు ఎండకు అప్పుడే నల్లబడుతోంది.

ఆ ఇల్లు ఆమెది కాదు. ముసలి అక్కమ్మది. అక్కమ్మ తల పగిలి, స్పృహ లేకుండా లోపల దొరికింది. ఆమెను జీపులో ఆసుపత్రికి పంపారు.

"దొంగలన్నా," అన్నాడు ఎస్సై రామాంజులు. "ముసిలామె ఒంటరిది. తలుపు పగలగొట్టి దూరినారు. కేకలిని బయమ్మ పరిగెత్తుకొచ్చింది. అడ్డమొచ్చిందని నరికినారు."

ప్రైవేట్ డిటెక్టివ్ శ్రీరంగప్ప పగిలిన తలుపులోంచి లోపలికి తొంగి చూశాడు. మూడేళ్ల కిందటి దాకా అతను హెడ్ కానిస్టేబుల్. ఇప్పుడు బస్టాండు పక్క గదిలో ఆఫీసు. బయమ్మ పేరు చెవిన పడగానే పరుగున వచ్చాడు.

"ఇంట్లో ఏం పోయినాయి?"

"ఏమీ పోలా. ముసిలామె చెవుల కమ్మలు గూడా అట్లే ఉండాయి."

"బయమ్మ ఇల్లు యాడ?"

"అదో, ఆ చివర. పద్నాలుగు."

శ్రీరంగప్ప గోడ మీది నలభై ఒకటి అంకెను, వీధి చివరను మార్చి మార్చి చూశాడు.

"ఆమె మొగుణ్ణి పట్టుకు రాప్పా," అన్నాడు.

మర్నాడు ఉదయం తొమ్మిది. ధర్మవరం నుంచి ఎర్రిస్వామిని స్టేషన్‌కు తెచ్చారు. మగ్గం నేసేవాడు. బయమ్మ అతన్ని వదిలి పారిపోయి ఏడాదైంది.

"నీ పెండ్లాం ఈడ ఉన్నట్టు తెలుసా?"

"తెల్దు సార్. సంవత్సరమాయ, ఎతకతానే ఉన్నా."

"నిన్న యాడున్నావు?"

"మగ్గం కాడ."

మూలనుంచి శ్రీరంగప్ప ముందుకొచ్చాడు. ఎర్రిస్వామి మొహం పాలిపోయింది.

"నాలుగు దినాల కింద నా ఆఫీసులో ఏమంటివిరా? బయమ్మ మా అక్క, నాయన సావుబతుకుల్లో ఉన్నాడు, కడచూపుకు పిలవల్ల అని ఏడిస్తివే?"

"ఈయన్ని నేనెప్పుడూ సూళ్లేదు సార్."

శ్రీరంగప్ప ఎస్సై వైపు తిరిగాడు. "వచ్చినోడు అక్కమ్మ కోసం రాలేదు రామాంజులూ. బయమ్మ కోసమే వచ్చినాడు. బయమ్మ నలభై ఒకట్లో ఉందని ఈ ఊర్లో ఒక్క పుస్తకమే చెప్తాది. ఒక నర్సింగ్ హోమ్ రిజిస్టర్. గుమాస్తా పద్నాలుగును తిరగేసి రాసినాడు. ఆ తప్పును చీటీ మీదికి ఎక్కించింది నేను. చీటీ ఇచ్చింది వీనికే."

ఎర్రిస్వామి ఎగిరి అతని గొంతు పట్టాడు. బెంచీ బోర్లా పడింది. ఇద్దరు కానిస్టేబుళ్లు లాఠీలతో బాదితే గానీ పట్టు వదల్లేదు.

"నువ్వు నంబరు సరిగ్గా రాసింటే ఆ ముసిల్దాని జోలికి ఎందుకు పోతా?" నోట నెత్తురు కారుతుండగా అరిచాడు.

ఎస్సై పెన్ను తీశాడు. వాణ్ణి లాకప్‌లోకి ఈడ్చుకుపోయారు.

"రిజిస్టర్ నీకెట్ల సూపించినారన్నా?"

"పోలీసునని చెప్పినా. ఇంకా డ్యూటీలోనే ఉన్నానని."

"పోనీలే. నిన్ను సాక్షిగా రాసుకుంటా."

"వద్దప్పా." శ్రీరంగప్ప బోర్లాపడిన బెంచీని లేపి నిలబెట్టాడు. మెడ మీద వేళ్ల గుర్తులు కమిలి ఉన్నాయి. "కాలిన చేతికి కట్టు కట్టించుకోను పోయింది ఆమె ఆడికి. కాల్చింది వీడే. ఆమె పేరు పక్కన ఎర్రసిరాతో రాసినారు, అడ్రస్ ఎవురికీ చెప్పొద్దని. అది చదివినాకే ఎత్తి రాసుకున్నా."

ఎస్సై తలెత్తి చూశాడు.

"నన్ను రెండో ముద్దాయి అని రాయి."